వేలంపాటలో దొరికిన ఎ-2 జాకెట్: నా అనుభవం

ఒహాయోలో డేటన్ దగ్గరికి వచ్చి మాకు పన్నెండేళ్లు. రైట్ సోదరులు సైకిల్ షాపు నడిపిన ఊరిది. ఊరి పక్కనే ఉన్న అమెరికా వాయుసేన మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. చలికాలంలో ఆదివారం వస్తే పిల్లల్ని అక్కడికే తీసుకెళ్లేవాణ్ణి. వాళ్లు విమానాల మధ్య తిరుగుతుంటే నేను రెండో ప్రపంచ యుద్ధం హాల్లో విమాన సిబ్బంది వేసుకున్న తోలు జాకెట్ల దగ్గర ఆగిపోయేవాణ్ణి. వీపు మీద పెయింటుతో విమానం పేరు, దాని కింద వరసగా చిన్న చిన్న బాంబు బొమ్మలు. ఒక్కో బాంబు ఒక్కో మిషన్, అంటే ఒకసారి దాడికి వెళ్లి రావడం. వేసుకున్నవాళ్లకి అప్పుడు ఇరవై, ఇరవై రెండేళ్లు. మా ఆఫీసులో ఇంటర్న్‌లుగా చేరే పిల్లల వయసు. ఆ సంగతి ఒకసారి మనసులోకి వచ్చాక ఇక వదల్లేదు.

నన్ను పట్టుకున్నది ఎ-2 రకం. 1931లో అమెరికా ఆర్మీ ఎయిర్ కోర్, అంటే అప్పటి సైన్యపు విమాన విభాగం, దీన్ని ఖాయం చేసింది. ఆ పని జరిగింది మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న రైట్ ఫీల్డ్‌లోనే. చాలావరకు గుర్రం తోలు, కొన్ని మేక తోలు. ముందు జిప్పు, గాలికి కాలర్ ఎగరకుండా టిచ్ బటన్లు, రెండు అతుకు జేబులు, చేతుల చివరా నడుము దగ్గరా ఊలు అల్లిక. చేతులు దూర్చుకోవడానికి పక్క జేబులు ఉండవు. లోపల జేబూ ఉండదు. వీపు ఒకే ముక్క తోలు. 1943లో తోలు జాకెట్ల ఆర్డర్లు ఆపేసి గుడ్డవాటికి మారారు. అంటే యుద్ధకాలపు అసలైన ఎ-2లన్నీ ఆ పన్నెండేళ్లలో ఇచ్చిన ఆర్డర్లవే.

ఇదంతా తెలియకముందే ఒకటి కొన్నాను. ఆన్‌లైన్‌లో, 450 డాలర్లకి. అమ్మినాయన ‘మా తాతగారిది’ అన్నాడు. వీపు మీద బాంబర్ బొమ్మ, ఇంగ్లండ్‌లోని ఒక స్థావరం పేరు, 1943, దాని కింద 40 బాంబులు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మ్యూజియంలో పరిచయమైన ఒక పెద్దాయనకి చూపించాను. రిటైరయ్యాక ముప్పై ఏళ్లుగా ఇవే సేకరిస్తున్నారాయన. జాకెట్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దం నా చేతికిచ్చి, ‘మీరే చూడండి’ అన్నారు.

తోలు మీద ముడతలు పడ్డచోట సన్నటి పగుళ్లున్నాయి. పెయింటు ఆ పగుళ్ల లోపలికి దిగి ఉంది. కొత్త తోలు మీద బొమ్మ వేసి ఉంటే, ఏళ్లు గడిచేకొద్దీ తోలుతోపాటే పెయింటూ పగలాలి. పగులు అంచులో పెయింటు విరిగి, లోపల ఉత్త తోలు కనిపించాలి. ఇక్కడ అప్పటికే పగిలిన పాత తోలు మీద ఎవరో ఈమధ్య బొమ్మ వేశారు. తర్వాత గది చీకటి చేసి అతినీలలోహిత లైటు వేశారు. కుట్లన్నీ తెల్లగా మెరిశాయి. ఆనాటి నూలు దారం సాధారణంగా అలా మెరవదు, తర్వాత వచ్చిన సింథటిక్ దారం మెరుస్తుంది. డిటర్జెంట్‌తో ఉతికితే పాత దారం కూడా మెరవచ్చు కాబట్టి ఆ ఒక్క పరీక్షతో తేల్చేయకూడదని కూడా ఆయనే చెప్పారు. చివరికి బాంబుల లెక్కకి వచ్చారు. 1943లో ఇంగ్లండ్ నుంచి ఎగిరిన అమెరికన్ బాంబర్ సిబ్బందికి 25 మిషన్లతో డ్యూటీ పూర్తయ్యేది. 1944లో దాన్ని 30 చేశారు, ఆ తర్వాత 35. కావాలని ఎక్కువ ఎగిరినవాళ్లు కొందరున్నారు కానీ, 1943 అని రాసి 40 బాంబులు వేసిన జాకెట్‌ని రెండుసార్లు అనుమానించాలి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు పోయిందని కొంత బాధ. అంతకన్నా, ఎవరూ ఎగరని నలభై మిషన్లని నిజమనుకుని మా పిల్లలకి కథలు కథలుగా చెప్పానే అన్న బాధ ఎక్కువ.

పెద్దాయన ఒక్క సలహా ఇచ్చారు. ‘చేతులు మారిన జాకెట్ కొనొద్దు. ఇంటి నుంచి నేరుగా బయటికొచ్చేది కొనండి.’ అంటే ఎస్టేట్ వేలంపాటలు.

ఇక్కడ ఇంటి పెద్ద పోయి, పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉంటే, ఇల్లు ఖాళీ చేయడానికి చాలామంది వేలం కంపెనీని పిలుస్తారు. గరిటెల దగ్గర్నుంచి ట్రాక్టర్ దాకా అన్నీ ఒక్క రోజులో అమ్మేస్తారు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు చాలామంది జాకెట్‌ని అలమారాలో తగిలించి మళ్లీ దాని ఊసెత్తలేదు. అలా డెబ్భై ఏళ్లు వేలాడినవి ఆ ఒక్క రోజున బయటికొస్తాయి. రెండేళ్లపాటు ప్రతి గురువారం రాత్రీ చుట్టుపక్కల కౌంటీల వేలం ప్రకటనలు చదివేవాణ్ణి. ప్రకటనలో ‘ఫ్లైట్ జాకెట్’ అని రాస్తే డీలర్లంతా దిగుతారు. ‘పాత కోట్లు, యూనిఫాంలు, ట్రంకు పెట్టె’ అని రాసినవాటికి వెళ్లాలి. పదకొండు వేలాలకి వెళ్లి పదకొండుసార్లూ ఉత్త చేతులతో వచ్చాను. ఒకచోట 1950ల నాటి నేవీ పైలట్ల జి-1 జాకెట్ కనిపించింది, బొచ్చు కాలర్‌ది. బాగుంది గానీ ధర నా చేతికి అందలేదు.

పన్నెండోది 2019 అక్టోబర్‌లో. మొక్కజొన్న పొలాల మధ్య తెల్ల ఇల్లు, వెనక పెద్ద షెడ్డు. శుక్రవారం సాయంత్రం ప్రివ్యూకి వెళ్లాను. అంటే వస్తువుల్ని ముందే చూసుకోవడానికి తలుపులు తెరుస్తారు. చూడాల్సిందంతా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే పాట అయ్యాక ‘ఉన్నది ఉన్నట్టు’ అమ్మేసినట్టే, వెనక్కి తీసుకోరు. షెడ్డులో ఒక ఇనుప కడ్డీకి కోట్ల వరస, ఒక లేడీస్ ఉన్ని కోటు, రెండు రెయిన్ కోట్లు, వాటి మధ్యలో అది. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది.

కాలర్ కింద లేబుల్ ఉంది. నేసిన అక్షరాలు కొంచెం పోగులు లేచాయి కానీ చదవగలిగాను. టైప్ ఎ-2, డ్రాయింగ్ నంబర్ 30-1415, రఫ్ వేర్ క్లోథింగ్ కంపెనీ, మిడిల్‌టౌన్, పెన్సిల్వేనియా. సైజు 40. గుర్రం తోలు, మోచేతుల దగ్గర నలిగి ఎర్రబారింది. ఎడమ రొమ్ము మీద పేరు పట్టీ లేదు, దాని కుట్ల కన్నాలు మాత్రం నాలుగు వైపులా వరసగా ఉన్నాయి. ఆ మేరకు తోలు ముదురు రంగులో ఉంది, గోడ మీద ఫొటో తీసేసిన చోటులా. నడుము అల్లిక చిమ్మటలు తినేశాయి. ఎడమ చేతి కఫ్ చిరిగితే ఎవరో గోధుమ రంగు ఊలుతో రఫ్ఫు చేశారు, ఆ రంగు అసలు రంగుతో కలవలేదు.

ఎడమ భుజం మీద ఒక ప్యాచ్ ఉంది. డాలు ఆకారం. పైన నీలం మీద ఒక పక్క చైనా సూర్యుడు, ఇంకో పక్క ఇండియా నక్షత్రం, కింద ఎరుపు తెలుపు నిలువు చారలు. చైనా-బర్మా-ఇండియా యుద్ధరంగంలో పనిచేసిన అమెరికన్లది. అమెరికాలో దీన్ని దారంతో ఎంబ్రాయిడరీ చేసేవారు. ఇదేమో రంగు తోలు ముక్కలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి కుట్టింది. ఇలాంటివి యుద్ధకాలంలో మన దేశంలో కుట్టారు. నక్షత్రం మొనల దగ్గర కుట్టు వంకర తిరిగింది, చేతి కుట్టు. మైనం రుద్దిన మందపాటి దారం. మా చిన్నప్పుడు విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే తాత వాడిన దారం అచ్చం ఇలాగే ఉండేది. ఆ షెడ్డులో నిలబడి ఆ కుట్టు మీద వేలు పెట్టి ఎంతసేపు ఉన్నానో నాకే తెలియదు. జాకెట్ తెరిచి చూస్తే లోపల లైనింగ్ మీద సిరాతో పేరు, పక్కనే ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీసు నంబర్‌లో చివరి నాలుగు అంకెలు. ఆర్మీలో బట్టలు లాండ్రీకి వేసినప్పుడు తారుమారు కాకుండా అలా రాసుకునేవారు. వీపు లోపలి వైపు లైనింగ్ మీద ఇంకో వరస సూది కన్నాలు, పెద్ద జేబురుమాలంత చతురస్రం. అక్కడ ఏదో కుట్టి, తర్వాత విప్పేశారు. అదేంటో అప్పటికి అర్థం కాలేదు.

శనివారం పొద్దున తొమ్మిదికి పేరు రాయించుకుని నంబర్ అట్ట తీసుకున్నాను. మన ఊళ్లలో గుడి దుకాణాల పాట చూసినవాళ్లకి ఇక్కడి పాట వింతగా ఉంటుంది. మన దగ్గర ఒకటోసారి, రెండోసారి అంటూ పాటగాడు ఊపిరి పీల్చుకోనిస్తాడు. ఇక్కడ ఊపిరే ఉండదు. అంకెలు పాటలా దొర్లిపోతుంటాయి. ఇప్పుడు చేతిలో ఉన్న ధర, అడుగుతున్న ధర, ఈ రెండే పట్టుకోవాలి, మధ్యలో మాటలన్నీ లయ కోసం. నేను అంతకుముందు రాత్రే ఒక కాగితం మీద 1,000 అని రాసి జేబులో పెట్టుకున్నాను. ఆ అంకెలోనే బయ్యర్స్ ప్రీమియం కలిపి ఉండాలనుకున్నాను. అది పాట ధర మీద వేలం కంపెనీకి కొనేవాడు కట్టేది, అక్కడ 15 శాతం.

జాకెట్ మధ్యాహ్నం పన్నెండున్నరకి వచ్చింది. 200తో మొదలైంది. 500 దగ్గర ముగ్గురం మిగిలాం, 800 దగ్గర ఇద్దరం. చెవుల్లో నా గుండె చప్పుడే వినిపిస్తోంది. 1,000 అవతలాయన అన్నాడు. జేబులో కాగితం ఉంది. భుజం మీద ఆ వంకర నక్షత్రం కళ్ల ముందు ఉంది. అట్ట ఎత్తాను. 1,100కి నాదైంది. ప్రీమియం 165 కలిపి 1,265, పైన సేల్స్ టాక్స్. చేతులు వణుకుతున్నాయి. చర్చి వాళ్లు పెట్టిన బల్ల దగ్గర కాఫీ తీసుకుని కుర్చీలో కూలబడ్డాను.

అక్కడే పెద్ద తప్పు చేశాను. కాఫీ తాగుతున్న పది నిమిషాల్లో షెడ్డు అవతలి మూలలో ఒక అట్టపెట్టె గంపగుత్తగా అమ్ముడైపోయింది. పాత కెమెరా, కొన్ని పుస్తకాలు, ఒక ఫొటో ఆల్బమ్. ముందు రోజు ఆ పెట్టె చూశాను గానీ పైన ఉన్న పుస్తకాలు తీసి కింద చూడలేదు. జాకెట్ దొరికిందన్న సంతోషంలో దాని మనిషి సంగతి మర్చిపోయాను.

ఎస్టేట్ వేలంలో జరిగే నష్టం ఇదే. ఆ ఉదయం దాకా జాకెట్, ఆల్బమ్, ఉత్తరాలు, పతకాలు ఒకే ఇంటి కప్పు కింద ఉంటాయి. సాయంత్రానికి నాలుగు ట్రక్కుల్లో నాలుగు దిక్కులకి పోతాయి. మళ్లీ కలవవు. ఎవరి తప్పూ లేదు, వస్తువుల్ని అలా విడదీస్తేనే డబ్బు ఎక్కువ వస్తుంది. కానీ పేరు తెగిపోయిన జాకెట్ ఇక పాత తోలే.

పార్కింగ్‌లోకి పరుగెత్తాను. పెట్టె కొన్నాయన దాన్ని ట్రక్కులో పెడుతున్నాడు. పాత ఫొటోలు కొని విడివిడిగా అమ్ముతానన్నాడు. ఆల్బమ్ మొత్తం నాకిమ్మని అడిగాను. ఇవ్వనన్నాడు. గట్టిగా ఏమీ అనలేదు, ‘నా బతుకుతెరువు ఇది’ అన్నాడంతే. జాకెట్ చూపించి లోపలి పేరు చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద ఆల్బమ్ తెరిచాడు. ‘ఫొటోలు తీసుకో’ అన్నాడు. ఫోన్‌తో ఒక్కో పేజీ తీశాను. టీ తోట పక్కన గుడారాలు. సి-46 సరుకు విమానం రెక్క కింద నిలబడ్డ నలుగురు. ఒక ఫొటో కింద తెల్ల సిరాతో చబువా, 1944 అని ఉంది. చబువా అస్సాంలో ఊరు.

ముప్పై ఎనిమిదో పేజీలో నాలుగు మడతల పట్టుగుడ్డ. విప్పాం. చైనా జాతీయ ప్రభుత్వపు జెండా, చైనీస్ అక్షరాలు, ఎర్ర ముద్ర, ఒక నంబర్. బ్లడ్ చిట్ అంటారు దీన్ని. విమానం కూలి పైలట్ చైనా పల్లెల్లో పడితే భాష రాదు కదా. ‘ఈ విదేశీయుడు యుద్ధంలో మనకి సాయం చేయడానికి వచ్చాడు, సైనికులూ ప్రజలూ అందరూ ఇతన్ని కాపాడండి’ అని అందులో ఉంటుంది. మొదట్లో వీపు మీదే కుట్టుకునేవారు. శత్రువుకి కనబడుతోందని తర్వాత లోపలి వైపుకి మార్చారు. పెట్టె కొన్నాయనకి గుడ్డ అక్కర్లేదు, ఫొటోలే కావాలి. 220 డాలర్లకి చిట్ ఇచ్చాడు.

కారులో ముందు సీటు మీద జాకెట్ తిప్పి పరిచాను. లైనింగ్ మీద ఉన్న కన్నాల చతురస్రంలో పట్టుగుడ్డ పెట్టాను. మూల మూలకీ సరిపోయింది. గుడ్డ అంచున ఉన్న సూది కన్నాలూ లైనింగ్ కన్నాలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

ఈ జాకెట్ వేసుకున్న పైలట్ ఎగిరిన దారిని ‘హంప్’ అనేవారు. 1942లో జపాన్ వాళ్లు బర్మా రోడ్డు మూసేశాక చైనాకి సరుకు పంపడానికి మిగిలింది హిమాలయాల తూర్పు కొసల మీదుగా గాల్లో దారే. అస్సాంలో ఎక్కించి కున్‌మింగ్‌లో దించేవారు. 1945 దాకా దాదాపు ఆరున్నర లక్షల టన్నులు మోశారు. ఆరు వందలకి దగ్గరగా విమానాలు కూలిపోయాయి. సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రానికి దరఖాస్తు పెట్టాను. సర్వీసు వదిలి 62 ఏళ్లు దాటితే బంధువు కానివాళ్లకి కూడా రికార్డు ఇస్తారు. నాలుగు నెలలకి జవాబు వచ్చింది. 1973 జులై 12న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో, 1912 నుంచి 1960 మధ్య సర్వీసు వదిలిన ఆర్మీ వాళ్ల ఫైళ్లలో 80 శాతం కాలిపోయాయి. ఆయనదీ అందులోనే పోయింది. చివరి జీతం రసీదు నకలు ఒక్కటి పంపారు. అంటే ఆయన ఎక్కడ, ఏం చేశాడో చెప్పేది ఇక ఆ ఆల్బమ్మే. దాని పేజీలు నా ఫోన్‌లో ఉన్నాయి. మరుసటి ఏడాది ఒక మిలిటరీ వస్తువుల సంతలో ఆ సి-46 ఫొటో 15 డాలర్ల స్టిక్కర్‌తో కనిపించింది. వెంటనే కొన్నాను. మిగతావి దొరకలేదు.

ఈలోగా ఇంట్లో ఇంకో సంగతి. వాట్సాప్ వీడియోలో జాకెట్ చూసి అమ్మ కోప్పడింది. ‘పోయినవాళ్ల బట్టలు ఇంట్లోకి తేకూడదురా. నీకు ఎన్నిసార్లు చెప్పాలి?’ మన ఇళ్లలో ఆ పట్టింపు ఎంతుంటుందో తెలిసిందే, నాకూ లోపల బెరుకుగానే ఉంది. నేనేమీ వాదించకుండా భుజం మీది ప్యాచ్‌ని కెమెరాకి దగ్గరగా పెట్టాను. అది మన దేశంలో ఎవరో కుట్టింది అని చెప్పాను. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు మా అమ్మమ్మ చిన్నపిల్ల. ఆ రాత్రే ఎడ్లబండి ఎక్కి పల్లెకి వెళ్లిపోయామని ఆవిడ చెబుతుంటే అమ్మా నేనూ ఎన్నోసార్లు విన్నాం. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ అబ్బాయి ఇంటికి తిరిగొచ్చాడా?’ అంది. వచ్చాడమ్మా, తొంభై ఏడేళ్లు బతికాడు అన్నాను. ‘అయితే ఉంచు. పడగ్గదిలో మాత్రం పెట్టకు’ అంది.

జాకెట్‌ని ఇప్పుడు మెత్తటి గుడ్డ చుట్టిన వెడల్పు హ్యాంగర్ మీద నూలు సంచి కప్పి ఉంచాను. ప్లాస్టిక్ కవర్ వేయకూడదు, లోపల తేమ పట్టి బూజు వస్తుంది. తోలు మెరవాలని నూనెలు పూయమంటారు కొందరు. నేను పూయను, పాత తోలులోకి దిగిన నూనె మళ్లీ బయటికి రాదు. చిట్‌ని తిరిగి కుట్టలేదు. యాసిడ్ లేని కాగితంలో మడతలు లేకుండా పరిచి, పక్కనే ఉంచాను.

మిగిలింది ఊలు అల్లిక. సేకరించేవాళ్లలో చాలామంది కఫ్‌లు, నడుము పట్టీ కొత్తవి వేయిస్తారు. అదే రంగులో, అదే అల్లికలో చేసి ఇచ్చేవాళ్లున్నారు. పెద్దాయన కూడా వేయించమనే అన్నారు. ఆ గోధుమ రంగు రఫ్ఫు నా కంటికి ఎప్పుడూ అడ్డంగానే కనిపించేది. కొలతలు పంపాను, అడ్వాన్సు కట్టాను, పోస్టులో పంపడానికి పెట్టె కూడా సిద్ధం చేశాను.

వేలం కంపెనీ ద్వారా కుటుంబానికి ఒక ఉత్తరం పెట్టి చాలా నెలలైంది. ఆల్బమ్ పేజీలన్నీ నా దగ్గర ఉన్నాయి, కావాలంటే పంపుతానని రాశాను. సరిగ్గా ఆ వారమే మనవరాలు ఫోన్ చేసింది. ఆల్బమ్ ఆ పెట్టెలో ఉందని వాళ్లకి తెలియనే తెలియదట. ఆదివారం వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పేజీలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను, సి-46 ఫొటో ఆమె చేతిలో పెట్టాను. హాల్లో బల్ల మీద జాకెట్ పరిచాను. లోపలి పేరు చూసి కళ్లు తుడుచుకుంది. ప్యాచ్ తడిమింది. తర్వాత ఎడమ కఫ్ పట్టుకుని రఫ్ఫు మీద బొటనవేలితో నెమ్మదిగా రాసింది.

‘ఇది మా నానమ్మ చేసింది. ఈ ఊలుతోనే నాకు స్వెటర్ అల్లింది. మిగిలిన ఉండతో తాతయ్య కఫ్ బాగు చేస్తుంటే నేను పక్కనే కూర్చున్నాను’ అంది.

ఆమె వెళ్లాక అడ్వాన్సు వదిలేసుకుని ఆర్డర్ రద్దు చేశాను. పోస్టు పెట్టె విప్పి, కొలతల కాగితం తీసేసి, జాకెట్‌ని మళ్లీ హ్యాంగర్‌కి తగిలించాను.